‘షీ బికేమ్ ఎ డాక్టర్’లో డాక్టర్ ఆబ్జెక్ట్ ఎందుకు కాదు?

కొత్తపలక:
క్రియని పట్టుకుని ‘ఎవరు’ అంటే కర్త, ‘ఏమిటి, ఎవరిని’ అంటే కర్మ. ఈ లెక్కతోనే ఇంగ్లీషు వాక్యాలు విడదీస్తున్నాను. ‘షీ మెట్ ఎ డాక్టర్’ దగ్గర సరిపోయింది. ‘షీ బికేమ్ ఎ డాక్టర్’ దగ్గర కూడా ‘ఏమిటి అయింది?’ అంటే ‘డాక్టర్’ అనే జవాబు వస్తోంది, కానీ గైడులో దాన్ని ఆబ్జెక్ట్ అనకుండా కాంప్లిమెంట్ అన్నారు. ఎలా గుర్తుపట్టాలి?
ఇంకొకటి. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’లో ఉన్నది అన్నలు కదా, ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’ అనేసరికి కర్త ‘నేను’ ఎలా అయ్యాను? పోటీ పరీక్షలో ఎర్రర్ స్పాటింగ్ కోసం అడుగుతున్నానండీ.

నల్లబల్ల:
ప్రశ్న వేసే పద్ధతి ఒక్కటే చాలదు, మనుషుల్ని లెక్కపెట్టండి. ‘మెట్’ వాక్యంలో ఇద్దరున్నారు: ఆమె, డాక్టర్. ‘బికేమ్’ వాక్యంలో ఒక్కరే. ఆమే డాక్టర్. క్రియ తర్వాతి మాట కర్తనే మళ్లీ చూపిస్తే, లేదా కర్త ఎలా ఉందో చెబితే, అది కాంప్లిమెంట్. (పొగడ్తకి వాడే కాంప్లిమెంట్ కాదు. ఆ స్పెల్లింగులో ఎల్ తర్వాత ఐ ఉంటుంది, దీంట్లో ఈ.)
ప్యాసివ్‌లోకి తిప్పి చూడమని కూడా చెబుతారు. ‘ఎ డాక్టర్ వాజ్ మెట్ బై హర్’ నిలబడుతుంది, ‘ఎ డాక్టర్ వాజ్ బికమ్ బై హర్’ కూలిపోతుంది. కానీ ఇది ఒకవైపే నమ్మదగిన పరీక్ష. ప్యాసివ్ కుదిరితే ఆబ్జెక్టే. కుదరనంత మాత్రాన కాంప్లిమెంట్ అనుకోకండి. ‘షీ రిజెంబుల్స్ హర్ మదర్’ తిరగబడదు, అయినా అక్కడ ‘హర్ మదర్’ ఆబ్జెక్టే, ఎందుకంటే అమ్మ వేరు, కూతురు వేరు.
మనవాళ్లకి అసలు దెబ్బ కొట్టేది ‘గా’. ‘అందంగా ఉంది’, ‘అందంగా పాడింది’ రెండింటికీ మనకి ఒకటే మాట. అందుకే ‘షీ లుక్స్ బ్యూటిఫుల్లీ’ అని రాసేస్తారు. అందం ఆమెదైతే విశేషణం: ‘షీ లుక్స్ బ్యూటిఫుల్’. అందం పాటదైతే క్రియావిశేషణం: ‘షీ శాంగ్ బ్యూటిఫుల్లీ’. సీమ్, లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్ వచ్చినప్పుడల్లా ఇది చూసుకోండి.

విభక్తిప్రియ:
నల్లబల్ల గారి లెక్క ఆబ్జెక్ట్‌కి కూడా పనికొస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకోండి:
‘షీ మేడ్ హిమ్ ఎ డాక్టర్.’
‘షీ మేడ్ హిమ్ ఎ దోశ.’
ఇంగ్లీషులో అచ్చం ఒకే వరస. తెలుగులో చెప్పండి, గుట్టు బయటపడుతుంది: అతన్ని డాక్టర్ని చేసింది; అతనికి దోశ వేసింది. మొదటిదాంట్లో ‘ని’, రెండోదాంట్లో ‘కి’. అతను డాక్టర్ అయ్యాడు కాబట్టి ‘ఎ డాక్టర్’ ఆబ్జెక్ట్ కాంప్లిమెంట్. అతను దోశ అవలేదు కాబట్టి ‘హిమ్’ ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్, ‘ఎ దోశ’ డైరెక్ట్ ఆబ్జెక్ట్. అనుమానమొస్తే ‘ఫర్’ పెట్టి చూడండి: ‘షీ మేడ్ ఎ దోశ ఫర్ హిమ్’ బాగుంది. ‘షీ మేడ్ ఎ డాక్టర్ ఫర్ హిమ్’ అంటే అర్థమే పాడవుతుంది.
రెండో ప్రశ్నకి: మనకి పని చేసేది విభక్తి, వాళ్లకి పని చేసేది చోటు. ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అని తిరగేసినా చచ్చేది రావణుడే. ఇంగ్లీషులో పేర్లు తిరగేస్తే రామాయణమే మారిపోతుంది. ‘నాకు అన్నలు ఉన్నారు’లో క్రియ అన్నల లెక్క ప్రకారం నడుస్తుంది: ఒక అన్న ఉన్నాడు, ఇద్దరున్నారు. ‘ఐ హ్యావ్’లో అన్నలు ఎందరైనా ‘హ్యావ్’ మారదు. ‘ఐ’ తీసి ‘షీ’ పెడితే ‘హ్యాజ్’ అవుతుంది. క్రియ ఎవరి మాట వింటుందో వాళ్లే సబ్జెక్ట్.
నాకు తెలుసు, నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరమొచ్చింది, అన్నీ ఈ బాపతే: ఐ నో, ఐ యామ్ హంగ్రీ, ఐ హ్యావ్ ఎ ఫీవర్. అలాగని కనబడిన ప్రతి ‘నాకు’నీ ‘ఐ’ చేయకండి. ‘నాకు పుస్తకం ఇచ్చాడు’లో ఇచ్చినవాడు వేరే ఉన్నాడు, కాబట్టి ‘హి గేవ్ మీ ఎ బుక్’.

కామాచుక్క:
పరీక్ష కోసమైతే రెండు చోట్ల ఎక్కువ మార్కులు పోతాయి.
మొదటిది సబ్జెక్ట్ పొడుగ్గా ఉన్నప్పుడు. ‘మామిడిపళ్ల ధర పెరిగింది’ అంటే మనకి అసలు మాట ‘ధర’ చివర్లో, క్రియ పక్కనే ఉంటుంది. ఇంగ్లీషులో ‘ది ప్రైస్ ఆఫ్ మ్యాంగోస్’. అసలు మాట ముందుకు పోయి, పళ్లు వచ్చి క్రియ పక్కన కూర్చుంటాయి. కన్ను వాటిని చూసి ‘హ్యావ్’ రాసేస్తుంది. ‘ఆఫ్’ దగ్గర్నుంచి క్రియ ముందు దాకా బ్రాకెట్లో పెట్టేసి చదవండి: ‘ది ప్రైస్ హ్యాజ్ గాన్ అప్’. ‘వన్ ఆఫ్ మై బ్రదర్స్ ఈజ్’ కూడా అంతే.
రెండోది విభక్తికి బదులు ప్రిపొజిషన్ తగిలించడం. ‘గురించి చర్చించారు’ కదా అని ‘డిస్కస్ అబౌట్’, ‘గదిలోకి’ కదా అని ‘ఎంటర్డ్ ఇంటూ ది రూమ్’, ‘స్టేషన్‌కి’ కదా అని ‘రీచ్డ్ టు ది స్టేషన్’. ఈ అర్థాల్లో ఈ మూడూ సకర్మక క్రియలు, ఆబ్జెక్ట్ నేరుగా అంటుకుంటుంది. ‘షీ వెంట్ హోమ్’లో మాత్రం ‘టు’ రాకపోవడానికి కారణం వేరు. అక్కడ ‘హోమ్’ ఆబ్జెక్ట్ కాదు, ఎక్కడికో చెప్పే క్రియావిశేషణం. ‘షీ లెఫ్ట్ హోమ్’లో అదే మాట ఆబ్జెక్ట్.

కొత్తపలక:
దోశ వాక్యంతో తేలిపోయిందండీ. అయితే ‘షీ గ్రూ టొమాటోస్’లో ఆబ్జెక్ట్, ‘షీ గ్రూ టైర్డ్’లో కాంప్లిమెంట్. అంతేనా?

నల్లబల్ల:
అంతే. ‘షీ గ్రూ క్విక్‌లీ’ అని ఇస్తే రెండూ రాయకండి. అక్కడ ‘గ్రూ’ అకర్మకం, ‘క్విక్‌లీ’ ఆ ఎదుగుదల ఎంత వేగంగా జరిగిందో చెబుతోంది.