ప్రెప్ మాత్రలు వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (శ్రీకాకుళం వైపు)

వంశధార_తీరం: ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల బోట్ల మీదే ఉంటాను. రోజుకో మాత్ర వేసుకుంటే హెచ్‌ఐవీ రాదని మా తండేలు (బోటు పెద్ద) చెప్పాడు. నిజమేనా? ఖర్చెంత? మిగతా సుఖవ్యాధులకీ పనిచేస్తుందా?

నాగావళి88: కలయికకి ముందు నుంచీ వేసుకునే ప్రెప్ వేరు, తర్వాత వేసుకునే మందు వేరు తమ్ముడూ. నాకు కండోమ్ చిరిగింది. సిగ్గుతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు వెళ్తే, 72 గంటలు దాటాక లాభం లేదన్నారు. ముందే వెళ్లుంటే 28 రోజుల మందు ఇచ్చేవారు. మూడు నెలల తర్వాత నెగెటివ్ వచ్చేదాకా అన్నం సయించలేదు.

పలాస_జీడితోట: ప్రెప్‌లో ఉండేది టెనోఫోవిర్. కిడ్నీ మీద పడుతుంది. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ చోటు, మా వీధిలోనే ముగ్గురు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. ఆ మందు జోలికి పోవద్దు.

మందుల_షాపు: 20 ఏళ్లుగా మందులు అమ్ముతున్నాను. టెనోఫోవిర్, ఎంట్రిసిటబిన్ కలిపిన మాత్ర అది. అమెరికాలో 2012లోనే అనుమతించారు. క్రియాటినిన్ క్లియరెన్స్ 60 పైన ఉంటేనే రాస్తారు. జనాన్ని భయపెట్టకండి.

పలాస_జీడితోట: క్రియాటినిన్ అంటే ఏటో మాకు చెప్తారా? మా నాన్నకి కాళ్లు వాచేదాకా ఏ లక్షణమూ లేదు. అప్పటికే రెండు కిడ్నీలూ పోయాయి.

మందుల_షాపు: కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చూసే లెక్క అది. మీ దగ్గర జబ్బు నీళ్ల వల్ల. ఈ మాత్ర వల్ల కాదు.

పలాస_జీడితోట: నీళ్లని ఎవరు తేల్చారు? ఇన్నేళ్లు పరిశోధన చేసినా అసలు కారణం తేలలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకండి!

సోంపేట_కొబ్బరి: 2023 డిసెంబరులో పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి తెరిచారు కదా. అక్కడ చూపించుకుని అడగొచ్చు.

కౌన్సిలర్_అక్క: ఐసీటీసీలో (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) తొమ్మిదేళ్లు పనిచేశాను. గొడవ ఆపండి. మాత్ర మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ నెగెటివ్ అని తేలాలి. ఉన్నట్టు తెలియక ఈ రెండు మందులే వాడితే వైరస్ వాటికి లొంగకుండా పోతుంది. హెపటైటిస్ బి కూడా చూడాలి. అది ఉన్నవాళ్లు మాత్ర ఉన్నట్టుండి ఆపితే లివర్ దెబ్బతినొచ్చు. తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. సిఫిలిస్, గనోరియాలను ఇది ఆపదు, కండోమ్ వాడాల్సిందే. అనుమానం ఉంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి.

రాజాం_అమ్మాయి: అందరూ మగవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు. మా ఆయన వలస వెళ్లి తెచ్చిన సిఫిలిస్ నాకు ఐదో నెల రక్తపరీక్షలో బయటపడింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు వేశారు, బిడ్డ క్షేమంగా పుట్టింది. కానీ ఆ రిపోర్టు లైన్లో అందరూ వినేలా చదివారు. ఆ రోజు ఇంకా మర్చిపోలేదు.

బొబ్బిలి_వీణ: డాక్సీ (డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్) మాత్ర వేసుకుంటే సిఫిలిస్ కూడా రాదంట కదా?

మందుల_షాపు: కలయిక తర్వాత 72 గంటల్లోపు 200 మిల్లీగ్రాములు. అమెరికాలో 2024లో గే పురుషులకీ, ట్రాన్స్ మహిళలకీ డాక్టరు సలహాతో వాడమన్నారు. అందరికీ కాదు. చీటీ లేకుండా నా షాపులో ఇవ్వను.

వంశధార_తీరం: ఖర్చు మాత్రం ఎవరూ చెప్పలేదు. సోమవారం పెద్దాసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కి వెళ్తున్నా. రాజాం చెల్లీ, మా ఆవిడని కూడా తీసుకెళ్తాను.

పలాస_జీడితోట: క్రియాటినిన్ అడిగి మరీ చేయించుకో తమ్ముడూ.