అప్‌డేట్: ఐపీఎల్ అంచనాల ఎక్సెల్ షీట్, తప్పు దొరికింది

గుర్తులేని వాళ్ల కోసం: పాత ఐపీఎల్ ఫలితాలతో గెలుపు అవకాశం లెక్కగట్టే షీట్ ఒకటి చేశాను. పాత మ్యాచ్‌లైతే పదింటికి ఎనిమిది కరెక్ట్‌గా చెప్పేది, కొత్తవాటికి వచ్చేసరికి బొమ్మా బొరుసే. మారతహళ్లి పీజీలో రూమ్మేట్ల ముందు పరువు పోయి ఇక్కడ అడిగాను.

"ముందు తేదీలు చూసుకో తమ్ముడూ" అన్న అన్నగారి మాటే నిజమైంది. ఏప్రిల్ మ్యాచ్ అంచనాకు ఆ సీజన్ మొత్తం గెలుపు శాతం వాడాను. అంటే మే నెల ఫలితాలూ అందులో ఉన్నట్టే. లీకైన పేపర్‌తో పరీక్ష రాసినట్టు! కౌంటిఫ్స్‌లో (షరతులకు సరిపోయే వరుసలను లెక్కపెట్టే ఎక్సెల్ ఫార్ములా) తేదీ షరతు పెట్టి, ఆ రోజుకు ముందు జరిగినవే లెక్కలోకి వచ్చేలా మార్చాను. పదికి ఆరుకు పడిపోయింది. బాధేసింది, కానీ అసలు సత్తా అంతే.

ఇంకో తప్పు తలుచుకుంటే నవ్వొస్తుంది. 2024లో ఆర్సీబీ పేరులో బ్యాంగళోర్ పోయి బెంగళూరు వచ్చింది కదా, షీట్ దాన్ని కొత్త టీమ్ అనుకుంది. మొదటి మ్యాచ్ చెన్నై చేతిలో ఓడగానే గెలుపు అవకాశం సున్నా అంది! రెండు పేర్లూ కలిపేశాను. నిజంగా కొత్త టీమ్‌లకు మాత్రం లాప్లాస్ సూత్రం పెట్టాను: గెలుపులకు 1, మ్యాచ్‌లకు 2 కలిపి భాగించడం. ఒకటి ఆడి ఓడినా 33 శాతం వస్తుంది.

టాస్ వల్ల, చిన్నస్వామిలో మంచు వల్ల అంచనాలు తప్పుతున్నాయంటూ నేను చేసిన గోలకీ ఈ సమస్యకీ సంబంధమే లేదు.

బ్రయర్ స్కోరు (చెప్పిన అవకాశం అసలు ఫలితానికి ఎంత దూరంగా ఉందో కొలిచే అంకె) చూడమన్నవాళ్లకు కూడా థ్యాంక్స్. కళ్లు మూసుకుని అన్నిటికీ 50 శాతం అన్నా 0.25 వస్తుందట, తక్కువైతే మేలు. నాది 0.24.