పొలంలో ఎర్రలు (వానపాములు) కనబడ్డాయంటే మట్టి బాగున్నట్టేనా?

ఆముదాలవలస రైతు:
నిన్న ఒకాయన వచ్చీసి, ఏళ్ల తరబడి గుళికలూ కాపర్ మందులూ పడ్డాయి గాబట్టి మీ మట్టి పాడైపోనాది అన్నారు. పారతో ఒక పెళ్ల తిరగేసి చూపించాను, లోపల ఎర్రలు కదుల్తున్నాయి. విషముంటే అవి బతుకుతాయేటి? మీరేటంటారు?

పాలకొండ జువాలజీ:
బతికున్నాయా లేదా అన్నదొక్కటే చూస్తే సరిపోదండీ. వానపాము తడి చర్మంతోనే గాలి పీల్చుకుంటాది, మట్టి మింగి వదుల్తాది, అంటే మట్టిలో ఏదుంటే అది లోపలా బయటా తగుల్తూనే ఉంటాది. కాడ్మియం లాంటి లోహం లోపలికెళ్తే మెటలోథయోనీన్ అనే ప్రోటీన్ తయారుచేసి దాన్ని పట్టి ఉంచుతాది, ఇంకోపక్క కణాలు పాడవకుండా కెటలేజ్ లాంటి ఎంజైములు పెంచుకుంటాది. ఇదంతా తిన్న తిండిలోంచే ఖర్చవ్వాలి కదా, దాంతో ఎదుగుదల తగ్గుతాది, గుడ్ల తిత్తులు తగ్గుతాయి. తల్లి బతికే ఉంటాది, పిల్లలుండవు. రసాయనాల పరీక్షలకి పద్ధతులు పెట్టే దేశాల కూటమి ఓఈసీడీ వాళ్లు 1984లో 14 రోజుల్లో ఎన్ని చచ్చాయో చూసే పరీక్ష పెట్టారు, 2004లో 8 వారాలది తెచ్చి అందులో పిల్లల్ని లెక్కపెట్టించారు, ఎందుకంటారు మరి?

ఫోరేట్ గుళికలైతే నరాలమీద పడతాయి, నరాల పనికి కావాల్సిన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైముని ఆపేస్తాయి, ఎర్ర మెలికలు తిరిగిపోతాది. ఆ మందుని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు కూడా.

బొబ్బిలి వరిమడి:
ఆ పరీక్షల్లో వాడేది ఐసీనియా ఫెటిడా, వర్మీకంపోస్ట్ తొట్టిలో పెంచే రకం, మన మడిలోది కాదు. 1984 పరీక్షలో మట్టి కూడా 70 శాతం ఇసకతో కలిపి చేసిందే. రాగి (కాపర్) ఎంత హాని చేస్తాదన్నది మట్టి పులుపుని బట్టి, పెంటని బట్టి మారిపోతాది, అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ పెడితే ఎలాగ? పైగా మడిలో నీళ్లు నిలిస్తే ఎర్రలు గట్టెక్కీస్తాయి, అది చూసి మందు వల్లే పోయాయంటారు కొందరు.

పాలకొండ జువాలజీ:
నీళ్ల మాట నిజమే, అందుకే మడి ఆరాకే చూడాలి. రకం సంగతికొస్తే, చాలా పురుగుమందులకి తొట్టి రకం కంటే పొలంలో ఉండే రకాలే తొందరగా దెబ్బతింటాయి, అంటే పరీక్షలో తేలినదానికన్నా మన దగ్గర నష్టం ఎక్కువే ఉండొచ్చు.

ఆముదాలవలస రైతు:
ఎంజైములు నేనెక్కడ కొలుస్తాను బాబూ? ఇంటి దగ్గర చూసుకునే దారేదైనా సెప్పండి.

పాలకొండ జువాలజీ:
ఒక టబ్బుని అట్టతో రెండు సగాలు చెయ్యండి. ఒకవైపు మందు పడ్డ మట్టి, రెండోవైపు అదే పొలంలో మందు తగలని మూల మట్టి, తడి రెండిట్లోనూ ఒకేలా ఉండాలి. అట్ట తీసీసి మధ్యలో 10 ఎర్రల్ని వదిలి, గుడ్డ కప్పి, 48 గంటలయ్యాక మళ్లీ అట్ట దించి ఎటు ఎన్నున్నాయో చూడండి. మందు మట్టి వైపు రెండు కూడా లేకపోతే అది వాటికి పనికిరాని మట్టి కిందే లెక్క. ఒక్క టబ్బు చూసి తేల్చీకండి, నాలుగైదు పెట్టండి. గుళికల మందు కొన్నాళ్లకి విరిగిపోతాది గానీ రాగి విరగదు, అక్కడే ఉండిపోతాది, కాబట్టి ముందు కాపర్ కొట్టిన చోట మట్టే తీయండి.