ఊళ్లె అమ్మానాన్నలది బటన్ ఫోనే: ఈకేవైసీ, బ్యాంకు పనులు ఎట్ల నడపాలె?

దేవరకొండ_దిక్కు:
మా అమ్మానాన్నలకు ఇంటర్నెట్ తెల్వదు, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదు. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చే ఆలోచన నాకూ లేదు. ఇప్పుడు మూడు పనులు ఆగినయి. పీఎం కిసాన్ ఈకేవైసీకి ఓటీపీ వస్తలేదు, ఆధార్‌కు ఇచ్చిన సిమ్ము ఎప్పుడో బందైంది. నాయిన వేలిముద్ర పడ్తలేదు. పైసలు తీసినంక ఖాతాల ఎంత మిగిలిందో వాళ్లకు తెలుస్తలేదు. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారి వస్త. ఒక్క రాకల ఏమేం చేసి పోవాలె?

మీసేవ_కౌంటర్:
తమ్మీ, ముందు నెంబరు సంగతి చూడు. ఆధార్‌కు ఫోన్ నెంబరు ఎక్కించుడు ఇప్పుడు ఆధార్ యాప్‌ల కూడ అయితది గనీ దానికి స్మార్ట్‌ఫోన్ కావాలె. బటన్ ఫోన్ మనుషులైతే ఆధార్ సెంటర్‌కు పోవుడే మంచిది. కాగితాలేం అక్కర్లేదు. 2025 అక్టోబర్ నుంచి ఫీజు 75 రూపాయలు, రశీదు అడిగి తీస్కో.

ఏ నెంబరు ఇయ్యాలె అన్నకాడ చానామంది తప్పు చేస్తరు. ఆధార్‌కు నాయిన సిమ్మే ఇయ్యి. నీది ఇస్తే ఆయన కౌంటర్ కాడ నిలబడ్తడు, ఓటీపీ నీకొస్తది, నువ్వు ఆఫీసుల ఫోన్ ఎత్తవు, పది నిమిషాలకు దాని టైమ్ అయిపోతది. బ్యాంకుకు మాత్రం నీ నెంబరు ఇయ్యి. మెసేజ్ సదివేటోనికే పోవాలె గదా.

ఆ సిమ్మును బతికించుడు ఇంకో పని. 90 రోజులు వాడకుంటే నెంబరు బందు చేస్తరు, తర్వాత దాన్ని ఇంకొకరికి ఇస్తరు. అంటే మీ ఓటీపీ ఎవలికో పోతది. 2025 జనవరి నుంచి డేటా లేకుండ కాల్స్, మెసేజ్‌లే ఉన్న దాదాపు ఏడాది ప్యాకులు వచ్చినయి. అది వేయించి తేదీ నీ ఫోన్ల రాసి పెట్టుకో.

ఈకేవైసీకి ఓటీపీ ఒక్కటే దారి కాదు. వేలిముద్రతోని సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్ల అయితది, ముఖం చూపించి యాప్‌ల అయితది. ముఖంతోని చేసేటప్పుడు ఎలుతురు ముఖం మీద పడాలె, వెనుక నుంచి కాదు. అద్దాలు తీయించు, రెప్ప కొట్టుమన్నప్పుడు కొట్టాలె. మీ ఏఈఓను (ఊరి వ్యవసాయ విస్తరణ అధికారి) అడుగు, రైతు వేదిక కాడనే చేసి ఇయ్యొచ్చు.

బ్యాంక్‌మిత్ర_నల్లగొండ:
వేలిముద్ర గురించి నేను చెప్తాను. పత్తి ఏరే చేతులు, సిమెంట్ పట్టుకునే చేతులు గీతలు అరిగిపోయి ఉంటాయి. బొటనవేలు మరీ ఎక్కువ అరుగుతుంది, కానీ అందరూ ముందు దాన్నే పెడతారు. ఉంగరం వేలు, చిటికెన వేలు పెట్టి చూడండి. పదింటిలో ఏది పెట్టినా చెల్లుతుంది.

పెట్టే ముందు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవాలి. తడి ఉంటే గీతలు కలిసిపోయి మచ్చలా పడుతుంది, మరీ పొడిగా ఉంటే సగం గీతలు రావు. పొడి చేతులకు కొంచెం వాజలిన్ రుద్ది, గుడ్డతో తుడిచేసి పెట్టండి. మిషన్ అద్దం కూడా తుడవమనండి, ముందు మనిషి చేతి జిడ్డు దాని మీదే ఉంటుంది. వేలి కొస కాదు, మొదటి కణుపు మొత్తం పడుకోబెట్టాలి. గట్టిగా నొక్కితే గీతలు చదునైపోతాయి.

ఇంత చేసినా ఏ వేలూ పడకపోతే ఆధార్ సెంటర్లో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాలి, 125 రూపాయలు. నెంబరు మార్చడానికి వెళ్లినప్పుడే అదీ చేయిస్తే రెండోసారి తిరగక్కర్లేదు.

పాలమూరు_అక్క:
అసలు మోసం జరిగేది ఆధార్ వేలిముద్రతోని పైసలు తీసేటప్పుడు, వేలు పెట్టించే కాడనే. "పడలేదు, మళ్లీ పెట్టు పెద్దాయనా" అంటరు. మొదటిది పడి ఉంటది, రెండోది కూడా గుంజుతరు. సదువు రానోళ్లకు ఒక్కటే మాట నేర్పండి: "చీటీ ఇయ్యి, అప్పుడు పెడ్త." ట్రాన్సాక్షన్ ఫెయిలైనా చీటీ వస్తది. ఒక్కసారికి 10,000 కన్నా ఎక్కువ రాదు, అంతకు మించి అడిగితే ఇంకోసారి వేలు పెట్టాలె, ఇంకో చీటీ రావాలె. బ్యాంకుకు కొడుకు నెంబరు ఉంటే అప్పుడే మెసేజ్ వస్తది, ఫోన్ చేసి ఎంత చేతికి వచ్చిందో అడగొచ్చు.

ఖాతాల కోసి చేతికి రాకుంటే బ్యాంకు అయిదు రోజులల్ల తిరిగి వేయాలె. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు అదనం, ఇది రిజర్వ్ బ్యాంకు రూలు. మోసమైతే 1930కి (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) ఫోన్, మూడు పని దినాలల్ల బ్యాంకుకు రాతపూర్వకంగ ఫిర్యాదు. ఈ మూడు దినాలు ముఖ్యం, దాటితే పూర్తి బాధ్యత బ్యాంకు మీద ఉండదు.

దేవరకొండ_దిక్కు:
అక్కా, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేస్తే ఈ గొడవే ఉండది అంటున్నరు?

పాలమూరు_అక్క:
ఉండది గనీ రేషన్ దుకాణంల కూడ వేలు పడది. ప్రతిసారీ అన్‌లాక్ చేయనీకి ఎవరున్నరు ఊళ్లె? యాప్‌ల తెరిస్తే పది నిమిషాలే ఉంటది. బటన్ ఫోన్ మనుషులకు అది పనికి రాదు.

దాని బదులు రెండు ఖాతాలు పెట్టు. ఒకదాంట్ల పీఎం కిసాన్ 2,000, పింఛన్ లాంటివి పడనీ. పంట పైసలు ఇంకోదాంట్ల వేసి, ఆ బ్యాంకుల ఆధార్ వేలిముద్ర లావాదేవీలు ఆపమని దరఖాస్తు ఇయ్యి. ఆపినట్టు కాగితం తీస్కో, నోటి మాట వద్దు.

బ్యాంక్‌మిత్ర_నల్లగొండ:
ఒక జాగ్రత్త. కొత్త ఖాతా తెరిచేటప్పుడు డీబీటీ (సర్కారు పైసలు నేరుగా ఖాతాలో పడటం) అనే గడిలో టిక్ పెట్టవద్దని చెప్పండి. పెడితే ఆధార్ మ్యాపింగ్ ఆ బ్యాంకుకు మారిపోతుంది, సర్కారు పైసలు అందులో పడతాయి. "కిసాన్ పైసలు రాలేదు" అని వచ్చేవాళ్లలో కొందరికి పైసలు వచ్చే ఉంటాయి, వేరే బ్యాంకులో.

మీసేవ_కౌంటర్:
ఇంకోటి తమ్మీ. శనివారం వచ్చేటట్టుంటే రెండో శనివారం, నాలుగో శనివారం కాకుండ చూస్కో, బ్యాంకులు బందుంటయి. పొద్దున ఆధార్ సెంటర్, ఆ తర్వాత బ్యాంకు. అమ్మను కూడ తోల్కపో, ఆమె వేలిముద్ర, నెంబరు కూడ అప్పుడే చూస్కోవచ్చు.