అప్‌డేట్: రోష్‌ఫోర్ 10లో పండ్ల రుచి ఎందుకు తెలియలేదో తేలింది

రోష్‌ఫోర్ 10 (బెల్జియం స్ట్రాంగ్ డార్క్ బీర్) తాగితే ఘాటు, చేదు తప్ప అందరూ చెప్పే కిస్మిస్, అత్తిపండు రుచులు తెలియడం లేదని, సీసా పాడైందా అని ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది టెంపరేచర్ సలహా. ఫ్రిజ్‌లోంచి తీసి 12-14 డిగ్రీల దాకా రానివ్వమన్నారు కదా, అదే. ఒకే సీసాను రెండు గ్లాసుల్లో పోసి ఒకటి వెంటనే, రెండోది చల్లదనం తగ్గాక తాగాను. చల్లటిదాంట్లో గ్యాస్ చురుకు, చేదు ముందుకొచ్చాయి, అంతే. రెండోది వేరే బీరా అనిపించింది! ముందు కిస్మిస్, తర్వాత అత్తిపండు, ఆ వెనకే డార్క్ చాక్లెట్, కాస్త లవంగం ఛాయ. 11.3 శాతం ఆల్కహాల్ ఉన్నా మంట లేదు, గొంతులో వెచ్చగా దిగింది. పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే ఎస్టర్లు (పండ్ల వాసననిచ్చే పదార్థాలు) మరీ చల్లగా ఉంటే సరిగా పైకి లేవవు, ముక్కుకు అందవు. ఈ బీర్ అందం సగానికి పైగా ఆ వాసనలోనే ఉందని నా అభిప్రాయం.

గ్లాసు ఆకారం వల్ల నాకు పెద్ద తేడా కనబడలేదు. అడుగున ఉన్న ఈస్ట్ మడ్డి కలిపితే బ్రెడ్ రుచి పెరిగింది గానీ, పండ్ల రుచికి దానితో సంబంధం లేదు. సీసా కూడా బాగానే ఉంది: పులుపు లేదు, తడి అట్ట వాసన లేదు. కొన్నేళ్లు దాచి తాగమన్న సలహా మంచిదే కావచ్చు, కానీ ఈ సమస్యకు అవసరం పడలేదు.

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు గ్లాసులో థర్మామీటర్ పెట్టి చూడండి.