ఆస్ట్రియా చలికాలం బీరు నాలుగు సీసాలు వచ్చాయి, ఎలా రుచి చూడాలి?

బురుజు_నీడ (కర్నూలు): మా బావమరిది ఆస్ట్రియా నుంచి వస్తూ సామిక్లాస్ అనే బీరు నాలుగు సీసాలు తెచ్చాడు. ఒక్కోటి 330 మి.లీ. ఏడాదికి ఒక్కసారే, డిసెంబర్ 6న కాస్తారట. తర్వాత పది నెలలు ఊరబెట్టి అమ్ముతారట. ఆదివారం సాయంత్రం మిద్దె మీద నలుగురం కూర్చుంటున్నాం. ఊరికే తాగేయకుండా మార్కులు వేద్దామని సరదా. ఎంత చల్లగా ఉండాలి? ఏ గ్లాసు? ఒక సీసా వచ్చే ఏడాదికి దాచుకోవచ్చా?

పాతూరు_పిల్లోడు (అనంతపురం): కర్నూల్లో చలికాలమా! ఫ్యాను అయిదు నుంచి మూడుకి తగ్గిస్తే అదే మన చలికాలం. ఆల్కహాల్ శాతం ఎంతుందో చూసినావా అన్నా?

బురుజు_నీడ: 14. అచ్చుతప్పేమో అనుకున్నా.

మాల్ట్_మామ (కడప, ఇప్పుడు బెంగళూరు): అచ్చుతప్పు కాదు. అది డబుల్ బాక్ రకం, అంటే మాల్ట్ దట్టించిన ఘాటు జర్మన్ బీరు. చల్లగా పులియబెట్టే లాగర్ ఈస్ట్‌తోనే అంత శాతం తెస్తారు. మొదట స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ వాళ్ళు కాసేవారు, వాళ్ళు ఆపేశాక ఆస్ట్రియాలో ఎగ్గెన్‌బెర్గ్ వాళ్ళు అందుకున్నారు. నేను అమెరికాలో నాలుగేళ్ళు హోమ్ బ్రూ క్లబ్బులో, అంటే ఇంట్లోనే బీరు కాసుకునేవాళ్ళ క్లబ్బులో, జడ్జీల పక్కన కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, దీన్ని ఐస్ లాగా చేశావంటే సీసా వృథా. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట పైనే బయట పెట్టు. 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా చల్లగా ఉంటే వాసన బయటికి రాదు.

కడప_కారం: పక్కన కూర్చున్నావు కదా మామా, జడ్జివి కాదు కదా. గోరువెచ్చటి బీరు తాగమంటావా? మా ఊళ్ళో ఎవరికైనా అట్లా పోస్తే గ్లాసు మొహాన కొడతారు.

మాల్ట్_మామ: 13 డిగ్రీలు గోరువెచ్చనా? మీ ఇంట్లో కుండ నీళ్ళు కూడా అంత చల్లగా ఉండవబ్బా.

తుంగభద్ర_గట్టు: ఎవరేమన్నా లెక్క ఒకటి చూసుకోండి. 330 మి.లీ.లో 14 శాతం అంటే 46 మి.లీ. ఆల్కహాల్. మన 7 శాతం స్ట్రాంగ్ 650 సీసాలోనూ దాదాపు అంతే. అంటే ఆ చిన్న సీసా ఒక పెద్ద సీసాతో సమానం. మా అన్న కొడుకు ఇట్లాంటిదే ఇంకేదో దొరికితే మామూలు బీరనుకుని గడగడా రెండు తాగేశాడు. మెట్లు దిగలేక తెల్లారేదాకా మిద్దె మీదే ఉన్నాడు. ఆ రాత్రి వాళ్ళమ్మ పడిన టెన్షన్ నాకు తెలుసు. నలుగురికీ రెండు సీసాలు చాలు. బండి మీద వచ్చేవాళ్ళు ముందే ఆటో మాట్లాడుకోండి.

కడప_కారం: చలికాలం బీరు అనగానే నాకు పోయిన డిసెంబర్ గుర్తొస్తుంది. బెంగళూరులో ఒక పబ్బులో ‘వింటర్ స్పెషల్’ అని బోర్డు పెడితే ఆశగా తీసుకున్నా. నోట్లో పెట్టగానే లవంగం. అచ్చం మా జేజి జలుబుకి కాచే కషాయం. రుచి కోసం వెళ్తే మందు తాగి వచ్చినట్టయింది, బిల్లు మాత్రం బిర్యానీకి మించి. డబ్బా లవంగాలు గుమ్మరించి ఉంటారు.

మాల్ట్_మామ: లవంగాలు వేసి ఉండకపోవచ్చు. గోధుమ బీరుకి వాడే జర్మన్ ఈస్టే ఆ వాసన పుట్టిస్తుంది. అరటిపండు వాసన కూడా తగిలిందా?

కడప_కారం: లవంగం వేయకుండా లవంగం వాసన వస్తుందా? రేపు ధనియాలు వేయకుండా ధనియాల వాసన అంటావు.

మాల్ట్_మామ: వస్తుంది. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు పుట్టే ఒక పదార్థం అది. తెలియకపోతే అడుగు, ఎగతాళి ఎందుకు?

కడప_కారం: నా నాలుక నాకు తెలియదా? గ్లాసు అడుగున దాల్చినచెక్క నలుసు కూడా ఉంది. అది కూడా ఈస్ట్ పుట్టించిందా?

పాతూరు_పిల్లోడు: 😂 మామా, దీనికి చెప్పు.

మాల్ట్_మామ: దాల్చినచెక్క ఉంటే మసాలా వేసినట్టే. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా.

గుత్తి_కోట: మీ ఇద్దరూ కొట్టుకుంటున్నారు గానీ, చలికాలం బీరంటే మసాలా ఉండి తీరాలని ఎక్కడా లేదు. అమెరికాలో సియెర్రా నెవాడా బ్రూవరీ వాళ్ళ సెలబ్రేషన్ అనే బీరు 1981 నుంచి చలికాలం సరుకే, అందులో మసాలా లేదు, ఆ ఏడాది కోతకొచ్చిన హాప్స్ (బీరుకి చేదిచ్చే పువ్వులు) చేదే దాని గొప్ప. శాన్ ఫ్రాన్సిస్కో యాంకర్ వాళ్ళు 1975 నుంచి క్రిస్మస్ బీరు వదిలేవారు. ఏటా వంటకం మారేది, లేబుల్ మీద చెట్టు బొమ్మ కూడా మారేది. ఏమేసేవారో చెప్పేవారు కాదు. 2023లో ఆ బ్రూవరీ మూతపడింది. నా దగ్గర ఒక ఖాళీ సీసా ఉంది, అమ్మను.

బురుజు_నీడ: అయ్యా, నా గ్లాసు సంగతి?

గుత్తి_కోట: స్టీలు గ్లాసు తప్ప ఏదైనా. రంగు కనపడాలి. అడుగు వెడల్పుగా, మూతి ఇరుకుగా ఉంటే వాసన నిలుస్తుంది. సగానికి మించి పోయొద్దు. మార్కులు 50కి వేయండి, అమెరికా హోమ్ బ్రూ పోటీల్లో అంతే: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో నిండుదనానికి 5, మొత్తంగా ఎట్లుందో దానికి 10.

కడప_కారం: నంజుకోవడానికి?

బురుజు_నీడ: ఉల్లికారం పెట్టిన బుడ్డలు అనుకున్నాం.

పాతూరు_పిల్లోడు: బుడ్డలు కాదు, శెనక్కాయలు.

తుంగభద్ర_గట్టు: కర్నూల్లో బుడ్డలే. పండించేది మీరే కావచ్చు, పేరు మాత్రం మాది.

పాతూరు_పిల్లోడు: జిల్లా అంతా ఎర్రనేలల్లో వానకోసం చూస్తూ పండించేది మేము, పేరు మీరు పెడతారా!

మాల్ట్_మామ: పేరేదైనా కారం వద్దు. కారం తగిలిన నాలుకకి ఏ బీరైనా ఒకటే. ఉడకబెట్టినవి, ఉప్పు తక్కువగా. లేదా ఊరికే మరమరాలు.

కడప_కారం: కారం వద్దని కడపవాడు చెప్తున్నాడు. కాలం మారింది.

గుత్తి_కోట: సీసా దాచడం ఎవరూ చెప్పలేదు. అంత శాతం ఉన్నది దాచొచ్చు. కానీ ఎక్కడ దాస్తావనేదే అసలు సంగతి. నేనొకసారి మంచి బీరొకటి అటక మీద పెట్టి మరిచిపోయా. పైన స్లాబు, అందులోనూ మే నెల. దసరాకి తీస్తే తడిసిన అట్టపెట్టె నాకినట్టుంది. తప్పు నాదే. ఫ్రిజ్‌లో కింది అరలో, వెలుతురు తగలకుండా పెట్టు. ఎండ తగిలితే కంపు కొడుతుంది, పచ్చ సీసాలైతే మరీ.

ఈతచెట్టు_రాజు: ఇంతసేపు చదివా. ఏడాదికోసారి కాసేది, పది నెలలు ఊరేది, డిగ్రీలు కొలిచేది. మన ఈతకల్లు చలికాలం సరుకు కాదా? తెల్లారి దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుస్తుంది, సాయంత్రానికి తలకెక్కుతుంది. మూడు రుచులూ ఒక్కరోజులో. పులవకూడదంటే ముంతకి సున్నం పూస్తారు. దానికి మార్కులు ఎవరైనా వేశారా?

మాల్ట్_మామ: కల్లుకి కూడా వేయొచ్చు. మంచిది దొరకాలి గదా రాజూ, సగం చోట్ల నీళ్ళే.

ఈతచెట్టు_రాజు: నువ్వు బెంగళూరులో కూర్చుని ఎవరి కల్లు గురించి మాట్లాడుతున్నావ్?

తుంగభద్ర_గట్టు: ఆదివారం అయిపోయింది. కర్నూలు అన్నా, ఏమైంది?

బురుజు_నీడ: రెండు సీసాలు తీశాం. రంగు రాగి సంగటి మీద నెయ్యి పోసినట్టు ముదురు గోధుమ, దీపానికి అడ్డం పెడితే ఎర్రగా మెరిసింది. నురగ పోసిన నిమిషానికే పోయింది. వాసన చూడగానే మా తమ్ముడు ‘అరిసెల పాకం’ అన్నాడు. నిజమే, బెల్లం పాకం తీగ దాటి ముదురుతున్నప్పుడు వచ్చే వాసన, వెనకాల ఖర్జూరం. మొదట ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడే ఒక గుక్క తాగితే ఉత్త తీపి. ముప్పావు గంట తర్వాత అదే గ్లాసులో ఎండుద్రాక్ష, చివర్లో గొంతు దగ్గర వెచ్చదనం. మామ చెప్పింది నిజం. నేను 50కి 41 వేశా. తమ్ముడు 38. మా బావమరిది 50కి 50 వేశాడు, తెచ్చింది తనే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. నాలుగోవాడు 22 వేసి, ఇంట్లోంచి స్ట్రాంగ్ తెచ్చుకుని ఐస్ వేసుకున్నాడు.

కడప_కారం: ఆ నాలుగోవాడి నంబర్ ఇవ్వన్నా, మాట్లాడాలి.

పాతూరు_పిల్లోడు: మిగతా రెండు సీసాలు?

బురుజు_నీడ: ఫ్రిజ్ కింది అరలో, కూరగాయల వెనక. మా ఆవిడ వాటి మీద మునక్కాయలు పెట్టింది.