పదో తరగతి సమ్మేళనానికి రానంటున్న స్నేహితుణ్ణి ఎలా పిలవాలి?

అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో 1989లో పదో తరగతి రాసిన బ్యాచ్ మాది. వచ్చే సంక్రాంతి పండక్కి అందరం ఎలాగూ ఊళ్ళో ఉంటాం కదా అని కనుమ మర్నాడు ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నాం. మేష్టార్లకు శాలువాలు, భోజనాలు, మగాళ్ళందరికీ ఒకే రంగు చొక్కాలు (ఈ చొక్కాల గోల నాకు మొదటినుంచీ నచ్చలేదు), అన్నీ కలిపి తలా అయిదు వేలన్నారు.

ఆ అంకె వాట్సాప్ గ్రూపులో పడిన రాత్రే నా బెంచీమేటు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఊళ్ళోనే ఉంటాడు, కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. ఫలితాలొచ్చిన రోజు పేపరు కోసం నన్ను సైకిల్ మీద అమలాపురం దాకా తొక్కుకెళ్ళింది వాడే. పేపర్లో నా నంబరుంది, వాడిది లేదు. అయినా తిరిగొచ్చేటప్పుడూ వాడే తొక్కాడు.

ఫోన్ చేస్తే "పనుందిరా" అంటున్నాడు. వాడి వాటా నేను కట్టేద్దామంటే మా ఆవిడ "తెలిస్తే జన్మలో మీ మొహం చూడడు" అంటోంది. అదీ నిజమే.

ఇలాంటివి జరిపించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఎవరెంత ఇచ్చారో తెలియకుండా డబ్బు వసూలు చేశారా? ఎలా? ఇప్పటికే అయిదు వేలు కట్టినవాళ్ళు ఒప్పుకుంటారా? లేక ముందురోజు నేనే వాళ్ళింటికెళ్ళి కూర్చోవడం మేలా?